ఒకే కొండ, రెండు దారులు

నేను రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహాన్ని. 2011 ఏప్రిల్ 20న శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ-సీ16 రాకెట్ మీద బయలుదేరాను. అప్పట్నుంచీ 820 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల మీదుగా చుట్లు తిరుగుతూ నేలను చూడటమే నా పని. చూసింది షాద్‌నగర్‌లోని యాంటెనాలకు దించుతాను. వికారాబాద్ జిల్లా వాటికి పొరుగే.

దేశమంతా చూశాను గానీ, ఆ జిల్లాలోని అనంతగిరి కొండల మీదికి వచ్చినప్పుడు నాకు ప్రత్యేకమైన మక్కువ. ఆ గుట్టల తూర్పు వాలున పడ్డ వాన మూసీ అవుతుంది. 1908 వరద హైదరాబాద్‌ను ముంచాక కట్టిన గండిపేట చెరువును 1920 నుంచీ నింపుతున్నది ఆ నీళ్లే. పడమటి వాలు నీళ్లది వేరే దారి. కాగ్నా నదిలో చేరి, తాండూరు దాటి, కర్ణాటకలో రాష్ట్రకూటుల రాజధాని మల్ఖేడ్ పక్కనుంచి సాగి భీమాలో కలుస్తాయి. భీమా వాటిని కృష్ణకు అప్పగిస్తుంది. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి వాడపల్లి చేరేసరికి అక్కడ మూసీ వచ్చి కలుస్తుంది. గుట్ట మీద అడుగు దూరంలో విడిపోయిన రెండు చినుకులు ఇన్ని వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకటవుతాయి! పైనుంచి చూసే నాకు ఇంతకంటే గొప్ప దృశ్యం ఈ పీఠభూమిలో లేదు.

నా లిస్-3 కెమెరా 24 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. దానికి 23.5 మీటర్ల నేల ఒక్క చుక్క. ఎండాకాలంలో కాగ్నా పాయ అంత వెడల్పు కూడా ఉండదు, అందుకే మే నెల చిత్రంలో నది దొరకదు. చెరువులు దొరుకుతాయి. కంటికి కనబడని పరారుణ కాంతిని నీళ్లు మింగేస్తాయి, ఆకులు తిప్పికొడతాయి. అందుకే, ఆ కాంతిని ఎరుపుగా చూపే నా బొమ్మలో కోట్‌పల్లి, లక్నాపూర్ ప్రాజెక్టులు నల్లగా, కంది చేలు ఎర్రగా పడతాయి. తాండూరు నల్లరేగడి కూడా ముదురుగానే కనిపిస్తుంది, తొందరపడితే దాన్నే నీరనుకుంటారు.

అక్కడే నాపరాయి గనులూ ఉన్నాయి. రాయి తీసిన గుంతల్లో వాన నిలిచి, నా చిత్రంలో చెరువుల్లాగే నల్లబడతాయి. కానీ గుంతకు తూము లేదు, అలుగు లేదు, కింద ఆయకట్టు లేదు. నీటి చుక్కలు పెరిగాయని నా బొమ్మ చూసి సంబరపడేవాళ్లు ఒకసారి ఆ గుంతల గట్టు మీదికి వెళ్లి రావాలి.

చెరువు శిఖం, అంటే నీళ్లు పరుచుకునే నేల, సంగతీ అంతే. మేలో అది ఖాళీ జాగాలా ఉంటుంది, ప్లాట్ల గీతలు పడేది కూడా అప్పుడే. వాన బాగా పడ్డ ఏడాది నవంబరులో, మబ్బు విడిచాక, అదే చోట నీళ్లు ఎంత దూరం పరుచుకుంటాయో నా చిత్రంలో ఉంది. హద్దురాళ్లు నాటవలసింది ఆ అంచున.