హోచిమిన్ వీధిలో దొరవారి చెక్కు

కోల్‌కతాలో అమెరికా కాన్సులేటు ఉన్న వీధి పేరు హోచిమిన్ సరణి. వియత్నాం మీద బాంబులు పడుతున్న 1960ల చివర, కామ్రేడ్లతో నిండిన యునైటెడ్ ఫ్రంట్ సర్కారు హారింగ్‌టన్ స్ట్రీట్‌కి ఆ పేరు పెట్టి, దొరల లెటర్‌హెడ్ మీదికే హోచిమిన్‌ని ఎక్కించింది. బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ ఉన్నదీ ఆ వీధిలోనే. ఇంత చౌక విప్లవం ఎక్కడా జరగలేదు. బోర్డుకి వేసిన రంగే ఖర్చు.

2000 దాటాక బెంగాల్ ఖజానా అడుగంటింది. ఆ కామ్రేడ్ల వారసులు బ్రిటన్ అభివృద్ధి శాఖ డిఫిడ్‌తో సంప్రదింపులకు కూర్చున్నారు. దొరవారు డబ్బిస్తామన్నారు, ఫ్యాక్టరీలు పెట్టడానికి కాదు, ఉన్నవాటిలో జనాన్ని ఇంటికి పంపడానికి. ఏది మూయాలో, ఏది అమ్మాలో తేల్చడానికి కన్సల్టెంట్లు దిగారు. వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ, అందరికీ ఉంది, వాళ్ళకి తప్ప.

గ్రేట్ ఈస్టర్న్ హోటల్ సంగతి చూడండి. 1840 ప్రాంతంలో డేవిడ్ విల్సన్ అనే దొర, గవర్నర్ జనరల్ ఆక్లాండ్ పేరు మీద తెరిచాడు. 1970లలో సర్కారు చేతికొచ్చింది. 2005లో భారత్ హోటల్స్‌కి 52 కోట్లకి వెళ్ళిపోయింది. పనివాళ్ళ వీఆర్ఎస్‌కి సొమ్ము డిఫిడ్‌ది. దొర పెట్టిన హోటల్లో బేరర్లని, దొర డబ్బుతో, కార్మికవర్గ ప్రభుత్వం సాగనంపిందన్నమాట! మార్క్స్ కూడా లండన్‌లోనే, హైగేట్ శ్మశానంలో ఉన్నాడు. అలీముద్దీన్ స్ట్రీట్ పార్టీ ఆఫీసు నుంచి ఆయనకో కబురంపితే బాగుండేది.

మనం నవ్వక్కర్లేదు. కోల్‌కతా సిగ్గుపడుతూ చేసిన పనిని హైదరాబాద్ హోర్డింగులు పెట్టి చేసింది. 1998లో ప్రపంచ బ్యాంకు రుణం, వెనకే కరెంటు సంస్కరణలు, పెరిగిన చార్జీలు, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసు కాల్పులు.

అసలు బెంగాల్‌కి బయటివాళ్ళ అజమాయిషీ కొత్తా? 1765 ఆగస్టు 12న మొఘల్ చక్రవర్తి షా ఆలం ఏడాదికి 26 లక్షల రూపాయలకి దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, ఈస్టిండియా కంపెనీ చేతిలో పెట్టాడు. మన ఉత్తర సర్కార్లని కంపెనీకి ఇచ్చిన ఫర్మానా తేదీ కూడా అదే. 1769లో పాలన బాగుచేస్తామంటూ కంపెనీ జిల్లాలకి సూపర్‌వైజర్లని పంపింది. మరుసటేడు కరువు. మూడోవంతు జనం పోయారని కంపెనీ గవర్నర్ వారెన్ హేస్టింగ్సే లెక్కగట్టాడు. 1771 శిస్తు మాత్రం 1768 నాటి కంటే ఎక్కువే వచ్చిందని కూడా ఆయనే రాశాడు. సంస్కరణ జయప్రదం! పర్యవేక్షణ అద్భుతం!

2011లో కామ్రేడ్లు దిగిపోయారు. 2012లో మమతా సర్కారు ఆర్థిక సంస్కరణల పేరుతో ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) నుంచి 40 కోట్ల డాలర్ల రుణం తెచ్చుకుంది. మరుసటేడు కొత్త హంగులతో గ్రేట్ ఈస్టర్న్ తలుపులు తెరిచిందీ ఆవిడే.

2020లో లండన్ సర్కారు డిఫిడ్‌నే విదేశాంగ శాఖలో కలిపేసింది. ఆ సంస్కరణని పర్యవేక్షించమని కోల్‌కతాని ఎవరూ పిలవలేదు.