మూడంకెల బాబాయ్‌గారు

బాబాయ్‌గారు ఎవరింటికి వెళ్లినా ముందు మనిషి మొహం చూడరు. గుమ్మం పక్కన కుండీని చూస్తారు. చెప్పులైనా విప్పకుండా వంగి, ఓ ఆకు వెనక్కి తిప్పి "ఊఁ" అంటారు. ఆ "ఊఁ"తో ఇంటివాళ్ల పరువు సగం పోతుంది. "పొటాష్ అందట్లేదోయ్ దీనికి. ముదురాకుల అంచులు మాడుతున్నాయి చూడు" అని మిగతా సగం కూడా తీసేసి, అప్పుడు లోపలికొచ్చి కాఫీలో పంచదార తగ్గించమంటారు.

మా రాజమండ్రి వీధిలో ఆయన లేనప్పుడు ఆయన్ని మూడంకెల బాబాయ్‌గారంటాం. ఉన్నప్పుడు ఉత్త బాబాయ్‌గారే. ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. అంకెలు కనపడకపోతే అన్నం సయించని అలవాటు ఆ ఉద్యోగంలోనే పట్టుకుంది. పింఛను వచ్చాక చేతిలో లెక్కల్లేక కొన్నాళ్లు చిక్కిపోయారట. ఆ సమయంలో ఎవరో డీఏపీ ఖాళీ సంచిలో కూరగాయలు తెచ్చారు. సంచి మీద నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు వరసగా 18-46-0 అని ఉన్నాయి. అంతే, మనిషి కోలుకున్నారు. ఇప్పుడు మేడ మీద నలభై కుండీలు, నోట్లో పొద్దస్తమానం అంకెలు. 10-26-26, 14-35-14, మూడు పదిహేడ్లు, 20-20-0-13.

"మొదటి అంకె ఆకుది, రెండోది వేరుది, మూడోది కాయదీ దుంపదీ" అన్నది ఆయన సిద్ధాంతం. ఇందులో పెద్దగా తప్పు పట్టడానికి లేదు. ముల్లంగికీ క్యారెట్‌కీ చిలగడదుంపకీ నత్రజని దండిగా వేస్తే పైన ఆకు ఏపుగా లేస్తుంది, కింద తవ్వితే ఏమీ ఉండదు. వంగకో టమాటాకో వేస్తే మొక్క గుబురెక్కి కూర్చుంటుంది తప్ప పూత సంగతి తలపెట్టదు. భాస్వరం మట్టిలో పెద్దగా కదిలే రకం కాదు. అందుకే విత్తేటప్పుడే వేరుకి అందే లోతులో అడుగు మందుగా పడాలి. పైపైన చల్లితే పైనే ఉంటుంది. యూరియా గుళికలు పైన చల్లి నీళ్లు పెట్టడం మరిస్తే నత్రజనిలో కొంత అమ్మోనియాగా గాల్లో కలుస్తుంది. ఇదంతా బాబాయ్‌గారికి కంఠతా వచ్చు. కాయ పడే మొక్కకి నెలనెలా డీఏపీ వేసేవాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లు మంట. "చివర సున్నా ఉంది కనపడట్లేదా? పొటాష్ గింజంతైనా లేదు అందులో. కాయ దేంతో ఊరుతుంది, నీ ఆశతోనా?"

ఎర్ర పొటాష్ అంటే చాలు, కథ పొగాకు మీదికి పోతుంది. మా ఊళ్లో 1947లోనే పొగాకు పరిశోధన కేంద్రం పెట్టడం వల్ల ఈ మాట ఆయనకి స్థలపురాణం. ఎర్ర పొటాష్‌లో క్లోరైడు ఉంటుంది, అది పొగాకులో చేరితే ఆకు సరిగ్గా కాలదు, అందుకని పొగాకు రైతు తెల్ల పొటాష్ వేస్తాడు. "తెలిసిందా? చుట్ట ఆరిపోతే తప్పు అగ్గిపెట్టెది కాదు" అని ముగిస్తారు. మనం అడిగింది బీట్‌రూట్ గురించి.

కట్ట మీది అంకెలనైనా నమ్ముతారా అంటే, అక్కడా ఆడిటే. భాస్వరాన్ని ఆక్సైడు లెక్కన అచ్చేస్తారు, విడిగా తూస్తే డీఏపీ 46 కాస్తా 20 దగ్గర ఆగుతుంది. పొటాష్ 60 అన్నా అసలు 50 మాత్రమే. "జీతం చిట్టాలాంటిదోయ్ ఇది. పైకి చెప్పేది గ్రాసు, మొక్క చేతికొచ్చేది నెట్టు."

దుంపలకి 10-26-26 కావాలని ఓసారి ఆయనే స్వయంగా ఎరువుల కొట్టుకి వెళ్లారు. కొట్టాయన ఆధార్ కార్డు తీసుకుని, మిషన్ ముందుకి తోస్తూ మామూలుగానే అడిగాడు.

"పొలం ఎక్కడండీ?"

"మూడో అంతస్తు పైన."

కొట్టాయన మారు మాట్లాడలేదు. వేలిముద్ర పడలేదు. ఏళ్ల తరబడి బిల్లులు తిరగేసిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. తుడిచీ, తడిపీ, ఎడమచేతి వేలు కూడా పెట్టీ ఎలాగో పడిందనిపించాక, కిలో చాలన్నారు బాబాయ్‌గారు. కట్ట విప్పి అమ్మనన్నాడు కొట్టాయన. మాట పట్టింపు వచ్చింది. 50 కిలోల కట్ట ఆటో ఎక్కి, లిఫ్టు ఎక్కి, వంటింటి పక్కన బియ్యం డబ్బా స్థానం ఆక్రమించింది. కుండీకి ఐదు గ్రాముల చెంచా చొప్పున నలభై కుండీలకి నెలకోసారి వేస్తే, ఆ కట్ట ఇరవై ఏళ్లకి పైగా వస్తుంది. బాబాయ్‌గారికి డెబ్భై దాటాయి. వీలునామాలో అది ఎవరి వాటాకి వస్తుందని పిన్నిగారు అడిగారని విన్నాను. ఆ తగువు తేలకముందే వర్షాకాలం వచ్చింది. విప్పిన కట్ట చెమ్మ పీల్చుకుని బండలా గడ్డకట్టింది. ఇప్పుడాయన సాయంత్రాలు పచ్చడి బండ పట్టుకుని భాస్వరం దంచుతుంటారు. ఆ పచ్చడి బండ కడిగి తెచ్చిచ్చినా పిన్నిగారు మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. న్యాయమే.

ఇంతకీ ఆయన వైద్యం ఎలా ఉంటుందో మా ఎదురింటి ముల్లంగి దగ్గర చూశాను. ఎదురింటి అమ్మాయి వెడల్పాటి టబ్బులో గింజలు గుప్పున చల్లింది. మొలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి. ఒకటి పీకి చూస్తే వేరు దారప్పోగంత ఉంది. బాబాయ్‌గారు ఆ పోగుని వెలుతురుకి పట్టుకుని, రెండో అంకె ప్రాశస్త్యం మీద ఉపన్యాసం మొదలుపెట్టారు. మేమంతా నోళ్లు తెరుచుకుని వింటున్నాం. కడియం నర్సరీల్లో పనికెళ్లే ఒకావిడ వారానికోసారి ఆ ఇంటి మొక్కలు చూసి వెళుతుంటుంది. ఆవిడ ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ టబ్బు దగ్గర గొంతుక్కూర్చుని, రెండు మొలకలకి ఒకటి చొప్పున పీకి పక్కన పడేసింది. "ఇరుగ్గా ఉంటే ఊరవండి" అని ఒక్క మాట అని, చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. తర్వాత ముల్లంగి బాగానే ఊరింది. సాంబారు వాసన వీధి మొగదాకా వచ్చిన రోజున బాబాయ్‌గారు మీసం సవరించుకుని, "26 మహిమ" అన్నారు.

టమాటా కాయల అడుగు నల్లబడినప్పుడు మాత్రం ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు. అది మూడంకెల్లో లేని జబ్బు. కాయకి కాల్షియం అందక వస్తుంది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉన్నా, నీళ్లు ఓ రోజు పోసి నాలుగు రోజులు ఎండబెడితే అది కాయదాకా చేరదు. ఆ నెలలో వాళ్లు కాశీ వెళ్లొచ్చారు, కుండీలు భగవంతుడి మీద వదిలి. కానీ నీళ్లు పోయడమనే మందుకి అంకెలు లేవు కాబట్టి అది ఆయనకి ఆనలేదు. గుడ్డు పెంకులు కావాలన్నారు. వాళ్లది శనివారం ఉల్లిపాయ కూడా తగలని ఇల్లు. చీకటి పడ్డాక కండువా కప్పుకుని పై వాటాకి వెళ్లి, "అమ్మాయ్, మీ ఇంట్లో ఆమ్లెట్లూ అవీ వేసుకుంటుంటారు కదా..." అని గొంతు తగ్గించి అడిగారట. పెంకులు కాగితం పొట్లంలో, పొట్లం గుడ్డసంచిలో, సంచి కండువాలో దాచి తెచ్చారు. అవి మట్టిలో కరగడానికి పట్టే కాలానికి ఆ టమాటా మొక్క బతికి ఉండదు.

మొక్కలయ్యాక మనుషులు. ఇంజినీరింగ్‌లో ఆరు సబ్జెక్టులుంచుకున్న ఆరడుగుల కుర్రాణ్ని చూసి "నత్రజని ఎక్కువైంది వీడికి" అంటారు. పిల్లలు పుట్టలేదని ఒక జంటని ఏదో అనబోతే పిన్నిగారు పీక పట్టుకున్నంత పనిచేశారు.

అసలు రోగం ఆయన చేతిలో ఉంది. నోరు గ్రాముల్లో చెబుతుంది, చెయ్యి గుప్పెళ్లలో వేస్తుంది. బాపట్లలో అగ్రికల్చర్ చదివే మా వీధి కుర్రాడు సెలవులకొచ్చి ఇది చూశాడు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు, 50 కిలోల కట్ట ఎకరమంతా చల్లితే చదరపు అడుగుకి వచ్చేది గ్రాము పైచిలుకు. చదరపు అడుగు కుండీలో బాబాయ్‌గారి గుప్పెడు నలభై గ్రాములు. "తాతగారూ, మీరు ఎకరానికి దాదాపు ముప్పై అయిదు కట్టలు వేస్తున్నారండీ" అన్నాడు. వేళ్లు ఉప్పుకి మాడిపోతాయని కూడా అన్నాడు.

"ఎకరంలో మొక్క పక్కనుంచి లాక్కుంటుంది. కుండీలో మొక్క ఎక్కడికి పోయి తెచ్చుకుంటుందిరా?" అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కుండీ మొక్కకి మనం పెట్టిందే తిండి. పైగా పోసిన నీళ్లతో పాటు కొంత కారిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా తరచూ వేస్తుండాలి. కొంచెం అన్న మాట దగ్గరే ఆయనకి చెయ్యి రాదు. మనవళ్లకి నెయ్యి వడ్డించే చెయ్యి అది.

కుర్రాడి మీద పంతంతో భూసార పరీక్షకి సిద్ధమయ్యారు. పద్ధతి ప్రకారం అన్ని కుండీల్లోనూ వీ ఆకారంలో గుంటలు తీసి, మట్టి కాగితం మీద పరిచి నీడన ఆరబెట్టి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండూ తీసేస్తూ, చివరికి అరకిలో మిగిల్చారు. దరఖాస్తులో సర్వే నంబరు దగ్గర ఫ్లాట్ నంబరు వేశారు. విస్తీర్ణం అర సెంటు. ల్యాబులో ఎవరు దయతలిచారో గానీ ఫలితం వచ్చింది. భాస్వరం ఎక్కువ, పొటాష్ ఎక్కువ, లవణాలు హద్దు దాటి ఉన్నాయి, నత్రజని తక్కువ.

ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఈసారి గుమ్మం దగ్గర కుండీ వైపు చూడనైనా లేదు. మొహం వెలిగిపోతోంది.

"చూశావుటోయ్! భాస్వరంలోనూ పొటాష్‌లోనూ డిస్టింక్షన్. లవణాల్లో అయితే ఏకంగా గీత దాటేశాం. ఒక్క నత్రజనిలోనే మార్కులు తగ్గాయి. సప్లిమెంటరీ రాయించేద్దాం, ఓ గుప్పెడు యూరియా ఉంటే ఇలా పట్రా."