ఆ రోజు ఫోటో సరే, పదేళ్ల తర్వాతది ఏదీ?

ఆదివారం వచ్చిందంటే చాలు, హైదరాబాదులోనో విజయవాడలోనో ఏదో ఒక హోటల్ హాల్లో పళ్ల డాక్టర్లకు వర్క్‌షాపు. రెండు రోజుల్లో వెనీర్లు, అంటే పంటి ముందువైపు అంటించే పలుచటి పెంకులు; ఒక్క రోజులో స్మైల్ డిజైన్. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు సీడీఈ (కొనసాగే దంత విద్య) పాయింట్లు కావాలి కనక కుర్ర డాక్టర్లు వెళ్తారు, వేలకు వేలు ఫీజు కడతారు. తెర మీద ఒక అమ్మాయి నవ్వు పడుతుంది. ముందు ఇలా, తర్వాత ఇలా. హాలంతా చప్పట్లు. ఆ 'తర్వాత' ఫోటో వెనీర్లు అంటించిన పూట తీసింది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అంటించిన పూట ఎవరి పనైనా బాగానే ఉంటుంది. రెండేళ్లకు ఆ అంచు వెంట గోధుమరంగు గీత పడిందా? చిగురు ఎర్రబడి పైకి జరిగిందా? అయిదేళ్లకు ఒకటి ఊడితే, కింద పన్ను ఎంత మిగిలింది? చదువంటే ఇది. దీన్ని వదిలేసి ఇచ్చే సర్టిఫికెట్టును గోడకు తగిలించుకోవడం తప్ప ఏం చేస్తాం?

మా రోజుల్లో అఫ్జల్‌గంజ్ దంత కళాశాలలో మొదటి ఏడు మైనపు ముక్క మీద పళ్లు చెక్కడంతోనే గడిచేది. కోరపన్ను వంపు కుదరకపోతే మా సారు ఆ ముక్కను మారు మాట లేకుండా పక్కన పడేసి ఇంకో ముక్క చేతికిచ్చేవారు. వేళ్లకు ఆ వంపు వచ్చేదాకా అంతే. ఆ తర్వాత వెండి ఫిల్లింగులు. చిన్న రోట్లో వెండి పొడి, పాదరసం వేసి నూరడం, గుడ్డలో పెట్టి ఎక్కువైన పాదరసం పిండెయ్యడం, పంటి గుంతలో కూరి కూరి అదమడం. ఆ పాదరసం పోతున్నందుకు నాకేం బెంగ లేదు. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం 2013లో రావడం మంచిదే అయింది.

కానీ ఆ వెండి ఫిల్లింగులో ఒక గుణం ఉండేది. పెట్టిన రోజు దానికి పాలిష్ పట్టకూడదు, ఇరవై నాలుగు గంటలు ఆగాలి. అంటే పేషెంటు మర్నాడు మళ్లీ రావాలి, మనం మన పనిని మళ్లీ చూసుకోవాలి. ఫిల్లింగు ఎత్తుగా ఉంటే, రాత్రి అన్నం నమిలిన చోట ఒక చుక్క అద్దంలా మెరుస్తూ కనిపించేది. పెట్టిన కుర్రాడి పక్కన నిలబడి సారు వేలితో ఆ మెరుపు చూపించేవారు. ఎక్కడ తప్పిందో ఆ చుక్కే చెప్పేది. ఇప్పటి కాంపోజిట్ ఫిల్లింగు లైటు వెయ్యగానే గట్టిపడిపోతుంది, కూర్చోబెట్టిన గంటలోనే పాలిష్ కూడా అయిపోతుంది. పేషెంటు డబ్బు కట్టి వెళ్లిపోతాడు, మళ్లీ నొప్పి వస్తేనే కనిపిస్తాడు. పోనీ ఆ చూడటం నేర్పే బాధ్యత వర్క్‌షాపులు తీసుకున్నాయా అంటే, లేదు.

కొత్త సరుకును తిట్టేవాణ్ని కాను. పాత పద్ధతిలో ఎంత మంచి పన్ను కోసేశామో నాకు తెలుసు. జి.వి. బ్లాక్ 1908లో రాసిన పుస్తకమే చాలాకాలం మాకు వేదం. వెండి పంటికి అంటుకోదు కాబట్టి, అది జారిపోకుండా లోపల గాడి తియ్యాలి. పక్క గాళ్లు రేపు పుచ్చుతాయేమోనని ఇవాళే వాటినీ కోసెయ్యాలి. దాన్నుంచి మనల్ని బయటపడేసినవాడు బ్యూనకోర్. 1955లో ఎనామెల్ మీద ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి, కడిగి, ఆ గరుకు మీద రెజిన్ పట్టుకుంటుందని చూపించాడు. 1962లో బోవెన్ కాంపోజిట్‌కు మూలమైన రెజిన్‌కు పేటెంటు తీసుకున్నాడు. మంచి పన్నును ముట్టుకోకుండా పుచ్చిన మేరకే తీసి నింపే వీలు అలా వచ్చింది. ఈ బాండింగ్ విద్య పుట్టిందే తక్కువ కొయ్యడం కోసం. అదే విద్య పేరు చెప్పి ఇవాళ పుచ్చని పళ్లు ఎనిమిదేసి, పదేసి అరగదీస్తుంటే చూడలేకపోతున్నాను.

అలాగని పుచ్చని పంటికి వైద్యమే అక్కర్లేదనను. నల్గొండ సంగతి చెప్తాను. మన నేలలో ఫ్లోరైడ్ గోడు ఇవాళ్టిది కాదు. 1937లోనే షార్ట్ అనే పరిశోధకుడి బృందం అప్పటి మద్రాసు రాజధానిలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును గుర్తించి రాసింది. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, చండూరు వైపు పిల్లలు గార పళ్లతో, నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరిగారు. ఫ్లోరైడ్‌ను నీళ్లలోంచి తీసే పద్ధతికి దేశమంతా నల్గొండ పేరే పెట్టుకున్నారంటే ఆ జిల్లా ఎంత అనుభవించిందో చూడండి. అక్కడి ఆడపిల్లకు సంబంధాలు చూసేటప్పుడు ఆ మరకలు ఎంత బాధో, కళ్లారా చూసినవాణ్ని. కాబట్టి అందం కోసం చేసే వైద్యాన్ని సోకు అని తీసిపారెయ్యను. ఆ పిల్లకు అది అవసరం.

అయితే ఏ వైద్యం? మరక చాలాసార్లు పైపొరలోనే ఉంటుంది. ఆమ్లం కలిపిన ప్యూమిస్ పొడితో నెమ్మదిగా రుద్దితే మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే పదింట రెండు వంతులు పోతుంది. తర్వాత బ్లీచింగ్. ఇంకా మిగిలితే ఆ మచ్చ మేరకు కాంపోజిట్. పన్ను పన్నులాగే ఉంటుంది. అలా కాకుండా, పెళ్లి దగ్గర పడిందని ముందు పళ్లన్నిటికీ క్యాపులు వేయించుకుని నా దగ్గరకు వచ్చిన పిల్లలున్నారు, వచ్చేసరికి నరం నొప్పి. ముందు పంటికి పూర్తి క్యాపు వేస్తే పైకి కనిపించే భాగంలో 63 నుంచి 72 శాతం దాకా పోతుందని 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ తూచి మరీ చెప్పారు. వెనీరుకైతే రకాన్ని బట్టి 3 నుంచి 30 శాతం. ఇరవై ఏళ్ల పిల్ల నోట్లో అంత పన్ను తీసేస్తే అది ఆమెకు మళ్లీ మొలవదు. ఈ అంకెలు వర్క్‌షాపు మొదటి స్లైడులో ఉండాలి.

ఇంకో సంగతి. ఫ్లోరైడ్ పట్టిన ఎనామెల్ పైపొర ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. మామూలు పంటికి పదిహేను, ఇరవై సెకన్లు చాలు. ఈ పంటికి చాలాసార్లు అంతకంటే ఎక్కువసేపు పెట్టాలి, లేకపోతే అంటించింది ఊడుతుంది. ఎక్కణ్నుంచో వచ్చిన వక్త తన కంపెనీ కాగితంలో ఉన్న సెకన్లే చెప్పి విమానం ఎక్కుతాడు. మన ఊరి పళ్లకు ఏం కావాలో మన ఊరి పెద్ద డాక్టర్లను పిలిచి అడిగే నాథుడు లేడు.

వర్క్‌షాపుల్లో ప్రాక్టీసు చేయించేది కూడా ప్లాస్టిక్ పళ్ల మీద. వాటికి లాలాజలం లేదు, నాలుక లేదు, మధ్యలో దగ్గు రాదు. బాండింగుకు తడి శత్రువు. 1864లోనే బార్నమ్ పంటిని పొడిగా ఉంచే రబ్బర్ డ్యామ్ కనిపెట్టాడు, ఈనాటికీ దాన్ని పెట్టడానికి బద్ధకించే క్లినిక్కులున్నాయి. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి రెండు మిల్లీమీటర్లకు మించకుండా పొరలు పొరలుగా వెయ్యమంటారు. వేళ్లకు అది పట్టుబడాలంటే ఒక ఆదివారం చాలదు. షేడు చూడటం కూడా అంతే. పన్ను తడిగా ఉండగానే, కిటికీ వెలుతుర్లో, పని మొదలుపెట్టకముందే చూడాలి. కాసేపు నోరు తెరిచి ఉంచితే పన్ను ఎండి తెల్లబడుతుంది, అప్పుడు చూసి వేసిన రంగు మర్నాటికి పక్క పంటితో కలవదు. ఇది చెప్పడానికి సాఫ్ట్‌వేరు అక్కర్లేదు, పక్కన నిలబడి చూపించే ఒక మనిషి కావాలి.

కుర్ర డాక్టర్లను తప్పుపట్టను. బీడీఎస్‌కు లక్షలు పోసి, క్లినిక్కు అద్దె నెలనెలా కట్టే కుర్రాడికి నాలుగు క్యాపుల మీద వచ్చే డబ్బు ఎంతో నాకు తెలుసు. నేను నిలదీసేది నేర్పేవాళ్లను. పాయింట్లిచ్చే ప్రతి వర్క్‌షాపులోనూ, వక్త తన కేసుల్లో అయిదేళ్లు దాటినవి కొన్ని, వాటిలో చెడిపోయినవి కూడా కొన్ని చూపించాలని నియమం పెట్టండి. హాజరైన డాక్టరు ఆర్నెల్ల తర్వాత తన పేషెంటు ఫోటోలతో మళ్లీ రావాలి, సగం పాయింట్లు అప్పుడే ఇవ్వండి. ఏ పంటికి ఏమీ చెయ్యక్కర్లేదో తేల్చుకోవడానికి ఒక పూట కేటాయించండి. నా దగ్గర పాత కేసు షీట్లు కట్టలుగా ఉన్నాయి, నిలిచినవీ ఉన్నాయి, ఊడినవీ ఉన్నాయి. ఏ ఊళ్లో ఏ సంఘం పిలిచినా మోసుకొస్తాను, ఫీజు అక్కర్లేదు.