ఇచ్ఛాపుర ఇంజనాయిల్ మీమాంస

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టేముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ చెప్పి తీరాలని పూర్వుల కట్టడి. పాటిద్దాం. విషయం: ఇంజన్లో సింథటిక్ ఆయిల్ పోయాలా, మినరల్ ఆయిల్ పోయాలా అన్నది. ప్రయోజనం: పొద్దు గడవడం. సంబంధం: బండికీ ఆయిలుకీ ఉన్నది కాదు, వాదించేవాడికీ ఆయిలు డబ్బాకీ ఉన్నది. అధికారి: సొంత బండి ఉన్నవాడు; కాకుంటే బండి ఉన్న బావమరిది గలవాడు; అదీ కాకుంటే మెకానిక్ షెడ్డు పక్క బల్ల మీద కూర్చునే తీరిక గలవాడు. మొదటి ఇద్దరూ లేకపోయినా శాస్త్రం నడుస్తుంది, మూడోవాడు లేకపోతే నడవదు.

క్షేత్రం ఇచ్ఛాపురం. ఆంధ్రప్రదేశ్‌కు ఉత్తరాన చిట్టచివరి పట్నం. పక్కన బాహుదా నది, ఊరిని ఒరుసుకుంటూ పదహారో నంబరు జాతీయ రహదారి, నాలుగడుగులు వేస్తే ఒడిశా. జిల్లా కేంద్రమైన శ్రీకాకుళం కన్నా బరంపురమే మాకు దగ్గర గనుక ఆయిలు డబ్బాలూ అభిప్రాయాలూ రెండు రాష్ట్రాల నుంచీ సరఫరా అవుతాయి. చెన్నై, కోల్‌కతాల మధ్య తిరిగే లారీలు, కవిటి, కంచిలి వైపు నుంచి కొబ్బరికాయలు మోసుకొచ్చే ఆటోలు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళ బుల్లెట్లు, సంక్రాంతికి బెంగళూరు, హైదరాబాదుల నుంచి దిగే టర్బో కార్లు అన్నీ ఒకే టీ బడ్డీ ముందు ఆగుతాయి. అలాంటి చోట శాస్త్రం పుట్టకపోతేనే వింత.

మొదటి అధికరణం: మతభేదాలు

మినరల్ వాదులది ప్రాచీన మతం. తాతగారి అంబాసిడర్ ఏ ఆయిలు తాగి బతికిందో అదే ఆయిలు, తక్కినదంతా డబ్బా మీది రంగులు అంటారు. ఫుల్ సింథటిక్ వాదులది నవ్యమతం. వీళ్ళను డబ్బా పట్టుకునే తీరుబట్టి గుర్తించవచ్చు. లేబులు ఎప్పుడూ ఎదుటివాడి వైపే ఉంటుంది. నడుమ సెమీ సింథటిక్ వారు విశిష్టాద్వైతులు. రెండు తత్త్వాలూ సత్యమే, ధర మాత్రం మధ్యస్థం అని వారి నమ్మకం. ఈ మూడు మతాల వారికీ ఒక్క విషయంలో పూర్తి ఏకాభిప్రాయం ఉంది. తన బండిలో ఆయిలు చివరిసారి ఎప్పుడు మార్చాడో ముగ్గురిలో ఎవరికీ గుర్తులేదు.

రెండో అధికరణం: లక్షణ విచారం

లక్షణం చెప్పనిదే వస్తువును గురించి మాట్లాడనివ్వరు తార్కికులు. ముడిచమురును శుద్ధి చేసి తీసింది మినరల్. చిన్న అణువులను కోరిన కొలతకు జోడించి కట్టింది సింథటిక్. అలా కట్టినవాటిలో పెద్దపేరు పాలీ ఆల్ఫా ఓలెఫిన్‌ది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ మూల తైలాలను ఐదు గ్రూపులు చేసి దీన్ని నాలుగో గ్రూపులో కూర్చోబెట్టింది. మూడో గ్రూపులోనిది పుట్టుకకు ముడిచమురే. కాకపోతే హైడ్రోజన్, వేడి, ఒత్తిడి పెట్టి దాని అణువులను విరిచి చక్కదిద్దుతారు.

మరి ఈ మూడో గ్రూపుది సింథటిక్ పంక్తిలో కూర్చోవచ్చా? సరిగ్గా ఈ ప్రశ్న మీదే మోబిల్ కంపెనీ క్యాస్ట్రాల్ కంపెనీని అమెరికాలో ప్రకటనల తగాదాలు తీర్చే మండలి ముందుకు లాగింది. 1999లో మండలి కూర్చోవచ్చనే తేల్చింది. లక్షణం హద్దు దాటి అతివ్యాప్తి దోషం వచ్చిందని చెప్పడానికి తార్కికుల నవద్వీపం నుంచి పండితుడెవరూ అక్కడికి వెళ్ళలేదు. అప్పటి నుంచీ చాలా దేశాల్లో డబ్బా మీది ‘ఫుల్లీ సింథటిక్’ అన్నది పుట్టుకను కాక నడవడికను చెప్పే బిరుదుగా చెలామణీ అవుతోంది. పుట్టుక అడగకుండా నడవడిక చూసి పంక్తిలో చోటిచ్చిన ఘనత ఇంజనాయిలుకు దక్కింది. మనుషులకు ఇంకా పూర్తిగా దక్కలేదు.

మూడో అధికరణం: శీతోష్ణ విచారం

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అనో 20డబ్ల్యూ-50 అనో ఉంటుంది. ముందు అంకె చలిలో ఆయిలు కదిలే తీరుకు, వెనక అంకె వంద డిగ్రీల వేడిలో దాని చిక్కదనానికి. అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం లెక్క ప్రకారం, ముందు అంకె 10 ఉంటే మైనస్ 25 డిగ్రీల దగ్గరా, 5 ఉంటే మైనస్ 30 దగ్గరా, 0 ఉంటే మైనస్ 35 దగ్గరా ఇంజను తిరగనిచ్చేంత పలచగా ఉండాలి. ఇచ్ఛాపురానికి మైనస్ 35 డిగ్రీల చలి రావాలంటే ముందు బాహుదా గడ్డకట్టాలి, తర్వాత బారువ దగ్గర సముద్రం గడ్డకట్టాలి. అప్పటికి బండి స్టార్టు కాలేదన్నది మన కష్టాల్లో ఆఖరిది అవుతుంది.

మా ప్రాంతమైన ఉద్దానంలో చలిని కొలిచే పరికరం ప్రతి ఇంటి గూట్లోనూ ఉంది. అది కొబ్బరినూనె సీసా. 24 డిగ్రీల కిందికి దిగితే అందులో నూనె పేరుకుంటుంది. ధనుర్మాసంలో తలకు రాసుకోవాలంటే సీసాను ఎండలో పెట్టాల్సిందే. కొబ్బరినూనెను ఓడించే ఈ చలిని అతి చవక ఇంజనాయిలు కూడా లెక్కచెయ్యదు.

అయితే ముందు అంకె తగ్గిన ఆయిలు దండగేనా? కాదు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్లో ఆయిలు అడుగుకు దిగిపోతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టాక అది పైభాగాలకు ఎంత త్వరగా చేరితే అరుగుదల అంత తక్కువ, ఆ పనిలో మన ఊరి చలికి కూడా పలచనిదే ముందుంటుంది. పైగా కొత్త పెట్రోలు కార్ల ఇంజన్లలో భాగాల మధ్య సందులు సన్నం. వాటిలో చాలావాటికి కంపెనీ మాన్యువల్ 0డబ్ల్యూ-20 అడుగుతోంది. చిక్కగా ఉంటేనే బలమని వాటిలో 20డబ్ల్యూ-50 పోసేవాడు ఆయిలును గేదెపాల లెక్కన కొంటున్నాడు.

నాలుగో అధికరణం: ప్రమాణ విచారం

ఏది మంచి ఆయిలో తెలియడానికి ప్రమాణాలు నాలుగు.

ప్రత్యక్షం: డిప్‌స్టిక్ పైకి తీసి, కొసన ఉన్న చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, కళ్ళు సగం మూసి, ‘జారుడు పోయింది’ అనడం. ప్రయోగశాలల్లో ఇదే పనికి గాజుగొట్టాలూ గడియారాలూ వాడతారు. వేలుకు కరెంటు అక్కర్లేదు.

అనుమానం: కొండ మీద పొగ కనిపిస్తే నిప్పుందని తార్కికులు ఊహిస్తారు. సైలెన్సర్లో నీలిపొగ కనిపిస్తే ఆయిలు కాలుతోందని మెకానిక్కులు ఊహిస్తారు. రెండూ సదనుమానాలే. కానీ ‘ఆయిలు నల్లబడింది, కనుక చెడింది’ అన్నది హేత్వాభాసం. మసిని పట్టి తనలో తేలించి ఉంచే మందులు ఆయిల్లో కలిపి ఉంటాయి. నల్లబడటం అంటే ఆ మందులు పని చేస్తున్నాయని. ఎన్నాళ్ళు తిరిగినా తేటగా ఉంటే మసి ఇంజన్ గోడలకే మిగిలిపోతోందేమోనని బెంగపెట్టుకోవాలి. మా షెడ్లో నల్లబడిందని ఆయిలును తిట్టినంతగా, మురికైందని చీపురును ఎవరూ తిట్టరు.

ఉపమానం: ‘మా బావ వాడుతున్నాడు, నువ్వూ వాడు’ అన్నది. ప్రమాణాల్లో అతి ప్రమాదకరమైనది ఇదే. బావది కారు, నీది బైకు. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజనాయిల్లోనే మునిగి ఉంటాయి. మైలేజీ కోసం కార్ల ఆయిళ్ళలో కొన్నింటికి రాపిడి తగ్గించే మందు కలుపుతారు. బావ కారు సర్వీసులో మిగిలిన ఖరీదైన ఫుల్ సింథటిక్‌ను బైకులో పోసినవాడు వంతెన ఎక్కేటప్పుడు ఒక విచిత్రం చూస్తాడు: ఇంజను గొంతు చించుకుంటుంది, వెనక చక్రం తనను కాదన్నట్టు ఉంటుంది. క్లచ్ జారుతోంది. అందుకే జపాన్ వాళ్ళు బైకు ఆయిల్‌కు జాసో ఎంఏ అని విడిగా ముద్ర వేయిస్తారు. డబ్బా వెనక ఆ అక్షరాలు చిన్నవి. డబ్బా ముందు వైపు పులి, మంటలు, రేసు జెండా పెద్దవి.

శబ్దం: ఆప్తవాక్యం, అంటే మెకానిక్ మాట. మూడు మతాల వారూ గొంతులు ఎండేదాకా వాదించి తన వైపు తిరిగాక మా ఆప్తుడు స్పానర్ తుడుచుకుంటూ అన్నది ఇంతే: “ఏ ఆయిలైతే ఏటి మాస్టారూ, మీరు తెచ్చింది పోసేత్తాను. గానీ కిందటిసారి పోసిందెప్పుడు?” సభ నిశ్శబ్దమైంది. శాస్త్రంలో ఇంత గట్టి ఆక్షేపణ మళ్ళీ ఎవరూ చెయ్యలేదు.

ఐదో అధికరణం: తైలేతిహాసం

ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అని ఆముదాన్ని చిన్నబుచ్చుతాం. ఇంజన్ల చరిత్రలో అది నిజంగానే మహావృక్షం. లండన్‌లో 1899లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ పెట్టిన కంపెనీ 1909లో తన మోటారు నూనెలో ఆముదం పాలు కలిపి దాన్నే క్యాస్ట్రాల్ అని అమ్మింది. మొదటి ప్రపంచ యుద్ధంలో నోమ్, లె రోన్ రోటరీ ఇంజన్లున్న విమానాలు ఆముదం మీదే ఎగిరాయి. మినరల్ నూనెను కరిగించే పెట్రోలు ఆముదాన్ని అంత సులువుగా కరిగించలేదు. అయితే ఆ ఇంజన్లు వాడిన నూనెను తిరిగి దాచుకోవు, గాలిలోకి చిమ్మేస్తాయి. వెనక కూర్చున్న పైలట్ దాన్ని పీల్చక తప్పదు, పీల్చాక కడుపు కదలకా తప్పదు. ఆముదం తాగిన మొహంతో ఆకాశంలో యుద్ధం చేసిన మొదటి వీరులు వాళ్ళే.

ఇక స్థానిక తైలం. పలాసలో జీడిగింజ కొట్టేవాళ్ళ చేతులను కాల్చే జీడితొక్క నూనె ఉంది. ఇది ఏ ఇంజన్లోకీ వెళ్ళదు, బ్రేకుల్లోకి వెళ్తుంది. ఆ నూనె నుంచి తీసిన రెసిన్లను బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ఫేసింగుల్లో రాపిడి కోసం వాడతారు. లోకమంతా బండిని పరుగెత్తించే తైలం గురించి కొట్టుకుంటుంటే, బండిని ఆపే తైలం మా జిల్లాలో ఊరుతోంది. దాని గురించి ఒక్కడూ వాదించడు. ఆగడంలో గొప్పేముంటుంది?

ఆరో అధికరణం: పూర్వపక్షం, ఖండన

పూర్వపక్షం: సింథటిక్ ఆయిలు వేగంగా పోయే కార్లకు కదా, ఇచ్ఛాపురంలో ఈ చర్చ దేనికి?

ఖండన: సంక్రాంతికి వచ్చే టర్బో కార్లను మరిచారు. టర్బోలో చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి కూడా తిరుగుతుంది, మండే పొగ పక్కనే ఉన్న దాని బేరింగును కాపాడేది ఆయిలు. హైవే మీద తరుముకుంటూ వచ్చి బడ్డీ ముందు ఠక్కున ఇంజను ఆపేస్తే, అక్కడ చిక్కుకున్న ఆయిలు వేడికి మాడి బొగ్గవుతుంది. ఆ వేడిని తట్టుకోవడంలో మంచి సింథటిక్‌కు మినరల్ సాటిరాదు. ఇక్కడ నవ్యమతమే గెలిచింది, ఒప్పుకోవాలి. ఆపే ముందు కాసేపు మెల్లగా నడిపితే ఇంకా బాగా గెలుస్తుంది.

వేగమే గొప్పయితే మరో ఇబ్బంది ఉంది. తెలుగు నేల మీద జరిగిన ప్రపంచస్థాయి కార్ల పందెం 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున. గెలిచినవాడు ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్. అవన్నీ కరెంటు కార్లు. ఇంజనే లేదు, ఇక ఇంజనాయిలెక్కడ! దూరమే గొప్పయితే అదీ చిక్కే. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర ముగిసింది మా ఊళ్ళోనే. ఆయన కొడుకు 3,648 కిలోమీటర్లు నడిచి 2019 జనవరి 9న ముగించిందీ ఇక్కడే. మా షెడ్డు లెక్కలో దారిలో ఒకసారి ఆయిలు మార్చాల్సిన దూరం అది. ఇచ్ఛాపురం చరిత్రకెక్కిన ప్రయాణాలన్నీ ఆయిలు లేకుండానే సాగాయి.

ఏడో అధికరణం: సిద్ధాంతం

మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉందో ఆ గ్రేడు, బైకుకు బైకుది, కారుకు కారుది, మట్టం డిప్‌స్టిక్ మీది రెండు గీతల మధ్య, మార్చడం వేళకు. ఇంతే. కిలోమీటర్లు, నెలలు రెంటిలో ఏది ముందొస్తే అది అని మాన్యువల్‌లో ఉంటుంది. నెలల మాట ఎవరూ చదవరు. రోజూ ఇంటి నుంచి బడ్డీదాకా, బడ్డీ నుంచి ఇంటిదాకా తిరిగే బండికి కిలోమీటర్లు ఎప్పటికీ నిండవు. కానీ దాని ఇంజను సరిగా వేడెక్కదు, లోపల చేరిన నీటి ఆవిరీ కాలని పెట్రోలూ ఆరిపోవు, ఆయిలు కూర్చున్నచోటే పాడవుతుంది. అంటే తైలశాస్త్రాన్ని అందరికన్నా ఎక్కువగా చర్చించేవాడి బండికే అందరికన్నా ముందు ఆయిలు మార్చాలి. ఖరీదైన సింథటిక్ పోసి మూడేళ్ళు మరిచిపోయినవాడి ఇంజను కన్నా, మామూలు మినరల్‌ను వేళకు మార్చిన కొబ్బరి ఆటోవాడి ఇంజను పదికాలాలు బతుకుతుంది. అతనికి ఏ మతమూ లేదు, కిరాయి పోతుందన్న భయం ఉంది.

తీసిన పాత ఆయిలును చెదలు పట్టకుండా వాసాలకూ గుంజలకూ పూయడం పల్లెల్లో అలవాటు. అది సింథటిక్కా మినరలా అని చెదపురుగు అడిగిన దాఖలా లేదు.

ఫలశ్రుతి

దీన్ని ఒకసారి చదివినవాడు డిప్‌స్టిక్ ఎక్కడుందో తెలుసుకుంటాడు. రెండుసార్లు చదివినవాడు మాన్యువల్ వెతుక్కుంటాడు. మూడుసార్లు చదివినవాడికి తీరిక ఎక్కువని తెలుస్తుంది, అతణ్ని షెడ్డు పక్క బల్ల మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాం. ఈ గ్రంథంలో ఏదైనా మార్చాలని తోచిన పండితులు ముందు తమ బండిలో ఆయిలు మార్చి, ఆ తర్వాత వచ్చి మాట్లాడవలసిందిగా ప్రార్థన.