కేల్ కూర పక్షమున మామయ్యగారికి

ఎడింబరో,
నవంబరు.

 

తమ లేఖ అందినది. అందు అత్తయ్యగారి మోకాళ్ల నొప్పియు, కొబ్బరిచెట్ల తెగులును, బావమరిది సంబంధముల వ్యవహారమును వరుసగా వ్రాసి, తుదకు “నీవు ఆ దేశమున గొడ్లకు వేయు మేతను వండుకొని తినుచున్నావట, నిజమేనా?” అని తాము ప్రశ్నించిన తీరు చూడగా, ఇచటినుండి సెలవులకు వచ్చిన పుణ్యాత్ములెవరో నా పెరటి సమాచారమును తెనాలి చేర్చినారని స్పష్టమైనది. శీతకాలమున స్కాట్లండు రైతులు గొఱ్ఱెలకును ఆవులకును కేల్ మేపుదురను మాట నిజమే. కాని మేతకు వేరు రకములు కలవు. నా మడిలోనిది ఆకు అంచులు ఉంగరములు తిరిగిన వంటరకము. గొడ్డు తినునది మనిషి తినరాదను నియమమే యున్నచో మన అవిసాకు గతి యేమి? తాము పెండ్లివిందులలో మారడిగి వేయించుకొను క్యాబేజీయు, కాలీఫ్లవరును, నూల్కోలును ఈ కేల్‌తో ఏకజాతివే యని వృక్షశాస్త్రజ్ఞులు అన్నిటికిని బ్రాసికా ఒలరేసియా అను ఒక్క నామమే ఉంచినారు. తోబుట్టువులలో ముగ్గురికి పీటలు వేసి, నాలుగవవానిని కొట్టములోనికి పంపుట తమవంటి పెద్దలకు న్యాయమా?

కేల్ కొరకు గోంగూరను నేను విడిచితిననుట అపనింద. అదియే నన్ను విడిచినది. డిసెంబరులో నాలుగు గంటలు కాకమునుపే సూర్యుడు కనుమరుగగు ఈ 56వ అక్షాంశమున అది కిటికీ అంచున జానెడెత్తు లేచి, అద్దములోనుండి వెలుపలి లోకమును పరికించి, ఇక పెరుగుట అనవసరమని నిశ్చయించుకొన్నది. కేల్ అట్టిది కాదు. ఏప్రిల్‌లో విత్తి, జూన్‌లో మూరెడు దూరమున నారు నాటి, చుట్టును మన్ను మడమతో గట్టిగా త్రొక్కవలెను. నాటిన చేతితో నీరు పోయవలసినది పోయి కాలితో త్రొక్కుట మహాపాపమని నేను సంకోచించుచుండగా, పొరుగింటి ముదుసలి దొర వచ్చి, ఆకు పట్టి లాగినపుడు ఆకు చినుగవలెనే గాని మొక్క కదలరాదని శాసించిపోయినాడు. ఇచటి గాలిని ఎరిగినవాడు గనుక ఆయన మాట వింటిని. వేళ్లు బుడిపెలుగట్టు తెగులు రాకుండ నేలకు సున్నమును, అడవి పావురములు దిగకుండ వలయును, తెల్ల సీతాకోకచిలుకలు ఆకు అడుగున పెట్టు పసుపుపచ్చని గ్రుడ్లకు మా ఇంటిదాని బొటనవ్రేలును వినియోగపడుచున్నవి.

ఇక సాయంకాలము బీరు డబ్బాతో ఇల్లు చేరుచున్న నన్ను చూచి ఆ పుణ్యాత్ములు రెండవ వార్తయును మోసియుందురు గనుక ముందే మనవి చేయుచున్నాను: ఆ మద్యము నత్తలకు. చిప్పలేని నత్తలు ఈ దేశమున రాత్రివేళ బయలుదేరి లేతమొక్కలను మొదలంట గీకివేయును. మేలుచేయు పెంకుపురుగులు జారిపడకుండ అంచు నేలకన్న కొంచెము పైకుండునట్లు ఒక గిన్నె పాతి, అందు బీరు పోసినచో, ఆ వాసనకు నత్తలు వచ్చి అందులోనే పడి ప్రాణములు విడుచును. మన వంశమున బీరును డబ్బిచ్చి కొన్నవాడను నేనే, చుక్కయైన ముట్టక నేలపాలు చేసినవాడనును నేనే.

తక్కిన కూరలు మంచుకు చచ్చుబడు వేళ కేల్ తీపెక్కును. తాను గడ్డకట్టకుండుటకై ఆకులలో చక్కెర కూడబెట్టుకొనును. దానిని మనము దోచుకొందుము. నడిమి ఈనె తీసివైచి, సన్నగా తరిగి, కందిపప్పుతో నుడికించి, స్వతహాగా పులుపులేని దోషమును చింతపండుతో సవరించి, ఆవాల పోపు పెట్టినచో, ఆవాలును అదియు ఒకే కుటుంబపు మొక్కలగుటచే కాబోలు, ఆ బంధుసమాగమమునకు ఇల్లంతయు ఘుమఘుమలాడును. పకోడీలును వేసితిమి గాని, పకోడీలో ఏ ఆకైనను రుచించును గనుక ఆ సాక్ష్యమును చేర్చుట లేదు. ఇచటి కొందరు దీనిని నూనె రాచి పచ్చిగానే నములుదురు. వారిని చూచినపుడు మాత్రము తమ అభియోగము సగము నిజమని తోచును.

బావమరిది సంబంధములకును ఈ మొక్క పనికివచ్చును. పూర్వము స్కాట్లండు పల్లెలలో అక్టోబరు 31 రాత్రి యువతీయువకులు చేయిచేయి పట్టుకొని, కండ్లు మూసికొని కేల్ మడిలోనికి పోయి, తగిలిన మొదటి మొక్కను పెరికెడివారు. కాడ నిటారో వంకరో, కాబోవు జోడు ఆకారమట్లే. లోని దూట రుచి స్వభావము. వేరునకంటిన మట్టి యెంతయో కట్నమంత. ఆ కాడను ద్వారముపై నుంచినపిదప మొదట లోనికి వచ్చినవారి పేరే ఆ జోడు పేరు. రాబర్ట్ బర్న్స్ కవి 1785లో వ్రాసిన ‘హాలోవీన్’ కావ్యమున ఈ తంతు సవిస్తరముగా నున్నది. జాతకములు లేవు, మధ్యవర్తి లేడు, పెండ్లిచూపుల ఉప్మా ఖర్చు లేదు.

బావమరిది పక్షమున ఈ యేడు ఆ రాత్రి నేనే ఒకటి పెరికితిని. కాడ కొంచెము వంకర, దూట చేదు, వేరునిండ మట్టి యున్నది గనుక కట్నమును గూర్చి దిగులు వలదు. మరునాటి యుదయమున మా గడపలో మొదట అడుగుపెట్టినది వంటింటి కుళాయి బాగుచేయ వచ్చిన మీసాల దొర. ఆయన పేరు, అత్తయ్యగారు పట్టుబట్టినచో, తదుపరి లేఖలో వ్రాయుదును.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ మేనల్లుడు.