సూది సున్నా మీదే ఉండాలి!

కెమెరా డయల్‌ని ‘ఎం’ మీదికి తిప్పారా? శుభం, సగం పని అయిపోయింది. మిగతా సగం ఆ డయల్ నలుగురికీ కనిపించేలా కెమెరా పట్టుకోవడం. ఎక్స్‌పోజర్ నేర్చుకోవడం అంటారా, దాని అవసరం పడకుండానే జీవితమంతా గడిపేసే మార్గాలు నా దగ్గర ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యం మీటరు సూది. వ్యూఫైండర్ అడుగున అది ప్లస్ వైపు జరిగినా మైనస్ వైపు జరిగినా మహాపరాధం. డయళ్ళు తిప్పి తిప్పి సున్నా మీదికి తెచ్చాకే బటన్ నొక్కాలి. ఈ పని ఆటో మోడ్ రెప్పపాటులో చేసిపెట్టేది కదా అని ఎవరైనా దెప్పితే పట్టించుకోకండి. వేళ్ళు నొప్పిపుట్టేలా చేసినదానికే విలువ. మీటరు ఎదుట ఏది పెట్టినా, పడిన వెలుగులో 18 శాతం తిరగ్గొట్టే బూడిదరంగు వస్తువనుకునే లెక్క కడుతుంది. అందుకే మల్లెపూల బుట్టను ఫ్రేము నిండా పెట్టి సూదిని సున్నాకి తెస్తే పూలు నిన్నటివేమో అనిపిస్తాయి. రామప్ప గుడి నల్లరాతి మదనికని అలాగే తీస్తే సిమెంటుతో పోత పోసినట్టు వస్తుంది. తెలుపుకి ఒకటిన్నర స్టాపు పైకి, నలుపుకి అంతే కిందికి జరపమనేవాళ్ళుంటారు. వాళ్ళ మాట వింటే తెలుపు తెల్లగా, నలుపు నల్లగా వచ్చేస్తాయి. అందులో కళేముంది?

ఎపర్చరు దగ్గర అసలు ఆలోచనే వద్దు. ఎఫ్ 1.8 లెన్సుకి డబ్బు కట్టారు కాబట్టి ప్రతి ఫొటోకీ 1.8 వాడాల్సిందే. ఎఫ్ 8కి తిప్పారంటే కట్టిన డబ్బు గంగపాలు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 85 ఎంఎం లెన్సు బిగించి, రెండు మీటర్ల దూరం నుంచి వధూవరుల్ని తీయండి. స్పష్టంగా వచ్చే లోతు ఆరు సెంటీమీటర్లు ఉంటే ఎక్కువ. పెళ్ళికొడుకు కనుబొమల్లో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. జానెడు వెనక కూర్చున్న పెళ్ళికూతురు మాత్రం పొగమంచులో ఉంటుంది. వాళ్ళమ్మ వచ్చి ‘ఏం బాబూ, మా అమ్మాయి మొహమేదీ?’ అంటే ‘అది బొకే ఆంటీ’ అనండి. పూలగుత్తి సంగతనుకుని వెళ్ళిపోతారు.

తలంబ్రాల దగ్గరే షట్టరు మనిషిని పరీక్షిస్తుంది. 1/1000లో తీస్తే దోసిట్లోంచి జారిన పసుపు బియ్యం గింజ గింజా గాల్లో నిలబడుతుంది. 1/30కి దించితే అవే గింజలు బాసికం మీదుగా పసుపు గీతలై కారతాయి. అప్పుడు మీ చెయ్యి వణక్కూడదు, పోయించుకునేవాళ్ళు ఒక్క క్షణం కదలకూడదు. రెండూ బాగానే ఉంటాయి, కాకపోతే ఏది కావాలో ముందే మనసులో అనుకోవాల్సి వస్తుంది. ఆ బాధ ఎందుకు? 1/125 దగ్గర పెట్టి మేకు కొట్టేయండి. గింజ గింజలా ఉండదు, గీత గీతలా ఉండదు, మీకు నిర్ణయం తీసుకునే శ్రమ ఉండదు. (ఈమధ్య థర్మోకోల్ ఉండలు పోస్తున్నారు. వాటిని ఏ షట్టరూ కాపాడలేదు.)

మరీ సరదా పుడితే ఫంక్షన్ హాల్లో 1/2000కి పెంచి చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీ లైట్లు సెకనుకి వందసార్లు తగ్గి హెచ్చుతుంటాయి. కంటికి తెలియదు గానీ వేగంగా తెరుచుకునే షట్టరుకి తెలుస్తుంది. మండపం నిండా నల్లచారలు పడతాయి. 1/100కో 1/50కో దించితే పోతాయి. తప్పంతా డెకరేషన్ వాళ్ళ మీదికి తోసేయడం అంతకన్నా తేలిక.

దీపావళికి స్టాండు అటక మీదే ఉండనివ్వండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 11, మూడు నాలుగు సెకన్లు పెట్టి పిల్లాడి చేతికి కాకరపువ్వొత్తి ఇస్తే చీకట్లో వాడి పేరు నిప్పుతో రాసుకుంటాడు. అదీ తిరగబడి వస్తుంది, మళ్ళీ కంప్యూటర్లో అద్దం తిప్పినట్టు తిప్పాలి. మనకెందుకా తంటా! 1/4000లో కొట్టండి. ఒక తీగ, దాని చివర నాలుగు నిప్పురవ్వలు, వెనక చిమ్మచీకటి.

ఐఎస్ఓని మాత్రం ఆటోలో వదిలేయండి. డయల్ ‘ఎం’ మీదే ఉంటుంది, పరువుకి ఢోకా లేదు. మీరు షట్టరు ఎంత తిప్పినా, ఎపర్చరు ఎంత మూసినా, కెమెరా ఐఎస్ఓని సర్ది వెలుగుని మళ్ళీ మొదటికే తెస్తుంది. ఏం తిప్పినా ఏమీ మారడం లేదని కొత్తవాళ్ళు కంగారుపడతారు. మీరు దాన్ని పట్టు చిక్కిందనుకోండి.

పాత స్టూడియోల్లో పెద్దవాళ్ళు మీటరు లేకుండానే ఆకాశం చూసి చెప్పేసేవారు. మబ్బు లేని ఎండలో ఎఫ్ 16, షట్టరు ఫిల్ము స్పీడుకి తగ్గట్టు, అంటే 100 ఫిల్ముకి 1/100కి దగ్గర్లో 1/125. ఇవాళ ట్యాంక్‌బండ్ మీద మిట్టమధ్యాహ్నం నిలబడినా ఆ లెక్క సరిపోతుంది. అందుకే దాని జోలికి పోవద్దంటున్నాను. ఒకసారి సరిపోయిందంటే తర్వాత ఎండని గమనించడం అలవాటవుతుంది, భోజనానికి పిలిచినా నీడలు చూస్తూ నిలబడతారు.

ఇంత చేసినా ఫొటో చీకటైపోతే ‘లో కీ’ అనండి, తెల్లగా మాడిపోతే ‘హై కీ’, గరుకుగా వస్తే ‘ఫిల్మ్ లుక్’. ఇక ఒక్కటే జాగ్రత్త. ఏ ఎపర్చరు, ఏ షట్టరు, ఏ మోడ్ అన్నీ ఫైలులోనే రాసి ఉంటాయి. చుట్టాల పిల్లాడెవడో తెరిచి చూసి ‘బాబాయ్, ఇందులో ఆటో అని ఉందేంటి?’ అని నలుగురిలో అడిగే ప్రమాదం ఉంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు వాటంతటవే రాలిపోతాయి. డాక్యుమెంటుగా మాత్రం చచ్చినా పంపకండి.