వారాంతపు దిగ్విజయము

794లో కన్ము చక్రవర్తి రాజధానిగా నెలకొల్పినది మొదలు 1868 వరకు వేయి సంవత్సరములకు పైగా జపాను చక్రవర్తులకు నివాసమై, అగ్నిప్రమాదములను, అంతఃకలహములను, భూకంపములను ఓర్చుకొని నిలిచిన క్యోటో మహానగరమును, టోక్యోలో చదువుకొనుచున్న మన తెలుగు విద్యార్థుల బృందమొకటి శనివారము తెల్లవారుజామున ముట్టడించి, ఆదివారము రాత్రికి సంపూర్ణముగా జయించి, తిరుగు బస్సెక్కినది. పూర్వము సేనానులకు ఏండ్లు పట్టిన కార్యమును వారాంతమున ముగించిన ఈ వీరులను గూర్చి చరిత్రకారులు వ్రాయరు గనుక, ఆ భారము పత్రికలవారి పైన పడినది.

టోక్యోకు ఎదో యని పేరున్న కాలమున, అక్కడి నుండి క్యోటోకు పోవు తొకాయిదో బాట మీద 53 మజిలీలుండెడివి. బాటసారి ఇంచుమించు రెండు వారములు నడిచెడివాడు. హిరోషిగె యను చిత్రకారుడు ఆ మజిలీలను వరుసగా చిత్రించి లోకప్రసిద్ధుడైనాడు. 1964 నుండి షింకన్‌సేన్ రైలున్నది గాని, దాని టికెట్టు విద్యార్థి జేబునకు పరమశత్రువు. కావున మనవారు రాత్రి బస్సెక్కిరి. కిటికీ తెరలు దించియుండుటచేత 53 మజిలీలును అంధకారమున, మెడనొప్పితో గడచిపోయినవి.

బృందనాయకుని ఫోనులో ‘ప్లాను’ అను ఉద్గ్రంథము కలదు. యునెస్కో వారు 1994లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన 17 స్థలములును అందున్నవి. స్థలమునకు 35 నిమిషములు, భోజనమునకు 20. ఆ పదునేడింటిలో కొన్ని ఊజి, ఒట్సు అను పొరుగూళ్లలో ఉన్నవని ప్లానునకు తెలియదు. ప్లానును ప్రశ్నించుట వేదమును ప్రశ్నించుటయే యగును గనుక ఎవ్వరును ప్రశ్నింపలేదు.

తొలి దండయాత్ర కింకకుజీ స్వర్ణమందిరము మీద సాగెను. కొలనులో తన నీడ తాను చూచుకొనుచు నిలుచుండిన ఆ మూడంతస్తుల బంగరు భవనమునకెదురుగా వందలకొలది చేతులు పైకి లేచియుండును. నమస్కారమునకు గాదు, ఫోన్లకు. మన నాయకుడు మందిరమునకు వెన్ను చూపి (రణరంగమున వెన్ను చూపుట నింద్యము గాని, సెల్ఫీయందు అది విధి), ముప్పాతిక భాగము తన ముఖమును, పాతిక భాగము మందిరమును అమర్చి, ‘ఆరువందల ఏళ్ల అద్భుతం’ అని క్రింద వ్రాసి లోకమునకు విడుదల చేసెను. 1397లో అషికాగ యోషిమిత్సు అను షోగను (సైనికపాలకుడు) అక్కడ విలాసగృహమును తీర్చుకొన్న మాట నిజమే. అయితే 1950లో ఆ ఆలయమందే శిష్యరికము చేయుచున్న యువభిక్షువొకడు మందిరమును తగులబెట్టెను. ఇప్పుడున్నది 1955లో తిరిగి కట్టినది. అనగా ఆ అద్భుతము మన నాయకుని తాతగారికంటె చిన్నది. తాతగారితో అతడు సెల్ఫీ దిగిన దాఖలా మాత్రము లేదు.

ఆ సమీపముననే రియోఆన్‌జీ ఆలయమున ప్రసిద్ధమైన రాతితోట కలదు. తెల్లని గులకరాలు పరచి, దంతెతో గీతలు దీర్చిన దీర్ఘచతురస్రము, అందు 15 రాళ్లు, వాని మొదట కొంచెము నాచు, అంతియే. వసారాలో ఏ మూల కూర్చుండి చూచినను ఏదో యొక రాయి మరియొక రాతి చాటున దాగి, ఒక్కసారిగా పదునాలుగే కనబడునట్లు ఎవరో మహానుభావుడు అమర్చిపోయినాడు. జనులు అక్కడ మౌనముగా చాలసేపు కూర్చుందురు. మనవాడు మూడు నిమిషములలో రెండుమార్లు లెక్కించెను.

“ఒరేయ్, ఒకటి తక్కువొచ్చిందిరా!”

“రిపేరుకి తీసుకెళ్లుంటార్లే, పద, బస్సు పోతుంది.”

పదిహేనని చెప్పి పద్నాలుగే చూపించారని ఆ రాత్రి అంతర్జాలమున ఫిర్యాదు వ్రాసి, అతడు ఆ తోటకు ఐదు నక్షత్రములకు బదులు నాలుగే యిచ్చినాడు. ఐదవది ఏ రాతి చాటుననో ఉండిపోయినది.

బృందమునందొక శాకాహారి కలడు. జపానువారి రసములందెల్ల ఎండుచేప సారము పొంచియుండునని విని, అతడు రెండు దినములును చిప్సు పొట్లములతో ప్రాణములు నిలుపుకొని, “ఈ ఊళ్లో మనం తినేది ఏదీ దొరకదు” అని తీర్పు చెప్పెను. జెన్ భిక్షువులు చేపయు మాంసమును ముట్టక వండుకొను షోజిన్ వంటకు పెట్టినది పేరైన నగరమున ఈ తీర్పు వెలువడినది. ఆ వంట తొందర నెరుగదు. ప్లానులో 20 నిమిషములే యున్నవి.

ఆదివారము నాటి విశేషము సంజూసంగెందో. 1266లో పునర్నిర్మితమైన ఆ దారుమందిరము 120 మీటర్ల పొడవున సాగును. లోపల సహస్రభుజ కన్నన్ మూర్తులు 1001 కొలువుదీరియున్నవి. కన్నన్ మన అవలోకితేశ్వరుడే. ఆ కొలువునకు కావలిగా నిలిచినవారిలో బ్రహ్మ, ఇంద్రుడు, గరుత్మంతుడు కలరు. చీనా మీదుగా పోయి, వీసా గడువుల బాధ లేకుండ అక్కడనే స్థిరపడిన తొలి ప్రవాసులు. ‘లోపల ఫోటోలు తీయరాదు’ అను ఫలకమును చూచి నాయకుడు వాకిటనే ఆగి, “ఫోటో తియ్యనివ్వని గుడికి టికెట్టెందుకురా?” అనెను. ప్రత్యక్షమును మించిన ప్రమాణము లేదని వాదించిన మన పూర్వులకు ఈ సూక్ష్మము తట్టినది కాదు. సరిగా అప్పుడే ఇంటినుండి ఫోను వచ్చెను.

“గుళ్లకు వెళ్లావట, ఏ దేవుడురా నాన్నా?”

“ఏమోనమ్మా, వీళ్ల దేవుళ్లు మనకేం తెలుస్తారు!”

గోడకావల ఇంద్రుడు ఈ మాట వినియే యుండును.

ఫుషిమి ఇనారి ఆలయపు కొండ మీది వేలాది సిందూరవర్ణ ద్వారములు ముందునుండి చూడ మనోహరములు. వెనుకకు తిరిగి చూచినచో ఒక్కొక్క స్తంభము మీదను దాత పేరు, దుకాణము పేరు, తేదీ. వెలుతురునకు చోటు మిగులకుండ ట్యూబులైటు మీద దాతల పేరు వ్రాయించు మన దేవస్థానములు ఈ పద్ధతిని పరిశీలింపదగును. కొండ చుట్టివచ్చుటకు రెండు మూడు గంటలు పట్టును. మనవారు మొదటి వంద గజములలోనే, జనము లేని ఫోటో కొరకు జనము తొలగునని వేచియుండిరి. వీరెప్పుడు తొలగుదురా యని వీరి వెనుక మరికొందరు వేచియుండిరి.

తమ యూరి బస్సులో తమకే చోటు దొరకదని నగరవాసులు మొరపెట్టగా, 2024లో వారాంతములందు యాత్రికులకు ప్రత్యేక బస్సులు వేసిరి. ఆ యేడే గియోన్ పేటలోని ప్రైవేటు సందులలో పరులకు ప్రవేశము మాన్పి, 10,000 యెన్ల జరిమానా యని బోర్డులు కట్టిరి. అయినను యాత్రికజాతిని నేను బొత్తిగా నిందింపజాలను. 1945లో అణుబాంబు లక్ష్యముల పట్టికలో క్యోటో పేరుండగా, పట్టుబట్టి కొట్టివేయించిన అమెరికా యుద్ధమంత్రి హెన్రీ స్టిమ్సన్ అంతకు పూర్వము ఆ యూరు చూచిపోయినవాడే. పట్టికలోని తక్కిన యూళ్లకు అట్టి యాత్రికుడు దొరకలేదు.

చివరి మజిలీ గియోన్. నృత్యగానములభ్యసించు మైకో కన్యలు అలంకృతలై సాయంకాలము విందులకు పోవు వీథి అది. బృందములోని ఇరువురు అమ్మాయిలును అద్దె కిమోనోలు ధరించి, కొయ్య చెప్పులతో తడబడుచు నడచుచుండగా, ఎవరో పరదేశీయులు వీరినే ఫోటోలు తీసిరి. “బోర్డు కనపడట్లేదా వీళ్లకి!” అని ఆ అమ్మాయిలు ధర్మాగ్రహము చెందుచున్న క్షణముననే, ముందు మలుపులో పూలకిమోనోతో ఒక సుందరి కానవచ్చెను. బోర్డు సంగతి తక్షణమే మరువబడెను. బృందమంతయు ఫోన్లు చేతబట్టి వెంబడింపగా, ఆమె గిరుక్కున వెనుదిరిగి, చక్కని ఇంగ్లీషులో, కిమోనోల అద్దె దుకాణమునకు దారి యెటని అడిగినది. అయిదున్నర దాటినచో అదనపు రుసుము పడునట, రాత్రి బస్సుకు వేళయగుచున్నదట.